యంత్రాలకూ ఒక సర్వీసు నంబరు

ఇన్‌వార్డు రిజిస్టర్లు రాసి రాసి రిటైరైనవాణ్ణి కనుక, ఏ చరిత్ర చదివినా నా చూపు నంబర్ల దగ్గరే ఆగుతుంది. కంప్యూటర్లను కలిపే ‘ఈథర్‌నెట్’ చరిత్రలో నాకు నచ్చిందీ అదే.

1973లో అమెరికాలో, జిరాక్స్ కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనా కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దీనికి శ్రీకారం చుట్టారు. ఒకే తీగకు యంత్రాలన్నీ తగిలించి ఉంటాయి. ఒకటి పంపిన సందేశం అన్నిటికీ వినబడుతుంది. అటెండరు హాల్లో పేరు పిలిస్తే అందరూ విన్నా ఆ పేరుగలవాడే లేచినట్టు, ఎవరి నంబరు ఉంటే ఆ యంత్రమే సందేశం తీసుకోవాలి. ఆ నంబరుకు మొదట ఇచ్చింది 8 బిట్లే. 256కు మించి వీలుకాదు. పైగా ఒక యంత్రాన్ని మరో భవనానికి మారిస్తే అక్కడ అదే నంబరుతో ఇంకొకటి ఉండవచ్చు. ఒకే నంబరుతో రెండు ఫైళ్ళున్న సెక్షన్‌లో పనిచేసిన మిత్రులకు ఆ అవస్థ నేను చెప్పనక్కరలేదు.

1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ కంపెనీలు కలిసి ప్రకటించిన ప్రమాణంలో దాన్ని 48 బిట్లు చేశారు. అంత పెద్ద నంబరు ఎందుకో వివరిస్తూ 1981లో వ్యాసం రాసిన ఇద్దరిలో ఒకరు యోగేన్ దలాల్, బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన మనవాడే. నంబరు తీగది కాదు, యంత్రానిది; బదిలీ అయినా మారకూడదు; లోకంలో మరొకదానికి ఉండకూడదు. ఇదీ వారి వాదన. సుమారు 281 లక్షల కోట్ల నంబర్లు! ముందు సగం తయారీదారుకు కేటాయిస్తారు. వెనుక సగంతో అతడు 1,67,77,216 యంత్రాలకు వరుసగా వేసుకోవచ్చు. కేటాయింపు మొదట జిరాక్స్ చేసేది, తరువాత ఐ.ఇ.ఇ.ఇ. అనే సంస్థకు వచ్చింది.

సర్వీసు నంబరు ఉన్నంతమాత్రాన మనిషి ఏ ఊళ్ళో పనిచేస్తున్నాడో తెలియదు కదా. ఆ పోస్టింగు వివరం ఐ.పి. చిరునామాలో ఉంటుంది. రెంటికీ లంకె వేసే ఏ.ఆర్.పి. పద్ధతిని 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ రాశారు. “ఈ చిరునామా ఎవరిది?” అని యంత్రం తీగంతా వినబడేలా అడుగుతుంది, “నాది, నా నంబరిది” అని వచ్చిన జవాబును నమ్ముతుంది. గుర్తింపు కార్డు అడగదు! దొంగ యంత్రం పలికినా అంతే. నా దృష్టిలో ఇది పెద్ద లోపమే.

మారని నంబరుతో మరో చిక్కు తరువాత బయటపడింది. వైఫైకీ ఇదే నంబరు వాడడంతో, జేబులో ఫోను ఎటు వెళితే అటు మనిషి జాడ తెలియసాగింది. 2014లో ఆపిల్ తన ఫోన్లు చుట్టుపక్కల వైఫై కోసం వెతికేటప్పుడు తాత్కాలిక నంబరు చెప్పేలా మార్చింది. తక్కిన ఫోన్లూ అదే దారి పట్టాయి.