వేదాద్రి కొండ, మట్టపల్లి గుహ, పేర్లు లేని 150 మంది

 

మేం ఆరుగురం, నందిగామలో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లం. నలుగురం లంబాడీలం, ఒక తమ్ముడు ఎరుకల, ఇంకో తమ్ముడు యానాది. మా ఆరు ఇళ్లలోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. మొన్న రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయని జగ్గయ్యపేట మీదుగా వేదాద్రి, అక్కణ్నుంచి మట్టపల్లి వెళ్లొద్దామని బయల్దేరాం. దేవుణ్ని చూద్దామనే వెళ్లాం. తిరిగొచ్చాక ఇంత రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

ముందు జగ్గయ్యపేట సంగతి. కాగితాల్లో ఇప్పుడిది ఎన్టీఆర్ జిల్లా అయినా మా ఇళ్లలో ఇంకా కృష్ణా జిల్లానే. చిల్లకల్లు దగ్గర హైవే దిగి ఊళ్లోకి పోయాం. దారిలో తిరుమలగిరి కొండ ఉంది, పుట్టలో వెలిశాడని చెప్పే వెంకటేశ్వరస్వామి గుడి. దాన్ని వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకుని వదిలేశాం. (వచ్చేటప్పుడూ చూడలేదు.) ఊరి దగ్గర ధనం బోడు అనే దిబ్బ ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే తెల్లాయన తవ్వించిన బౌద్ధ స్తూపం అదే. ఇక్కడ దొరికిన సున్నపురాతి పలక ఒకటి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అందులో చక్రవర్తి చెయ్యి పైకెత్తితే ఆకాశం నుంచి నాణేలు వానలా కురుస్తుంటాయి. ధనం బోడులో అలాంటి బొమ్మ దొరకడం భలే కుదిరింది.

మమ్మల్ని ఆపింది మాత్రం నాణేలు కాదు, ఇక్కడి శాసనం. దిబ్బ దగ్గర నిలబడి ఫోన్లో దాని గురించి చదివాం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే ఇప్పటికి సుమారు 1700 ఏళ్ల కిందట, సిద్ధార్థుడు అనే శిల్పి ఈ స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. ఆయన రాజు కాదు, మంత్రి కాదు, ఉలి పట్టి బతికే పనివాడు. అయినా తన పేరు చెక్కించాడు. తండ్రి నాగచంద్రుడి పేరు, తన ఊరు, తల్లి, భార్య, ఇంటివాళ్లందరినీ రాతి మీదికి ఎక్కించాడు. పనివాడి ఇంటి ఆడవాళ్ల పేర్లు కూడా రాయి మీద నిలిచాయి! మాలో ఒకడన్నాడు: "మా తాత పేరు రేషన్ కార్డులో ఒకలా ఉంది, ఓటరు లిస్టులో ఒకలా ఉంది. మేం ఏ రాయి చూపించాలి?" అందరం నవ్వాం. కానీ కుల సర్టిఫికెట్ కోసం తాతల కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లకి అది నవ్వొచ్చే మాట కాదు.

అక్కణ్నుంచి ఆటోలో వేదాద్రి. కృష్ణ ఒడ్డునే కొండ. సోమకాసురుడు ఎత్తుకుపోయిన వేదాలను విష్ణువు తిరిగి తెస్తే, అవి ఇక్కడ కొండై నిలిచాయని స్థలపురాణం. నరసింహస్వామి ఇక్కడ ఐదు రూపాల్లో ఉన్నాడంటారు. కొండ మీద జ్వాలా నరసింహుడు, నదిలో సాలగ్రామ నరసింహుడు, గుళ్లో యోగానంద, లక్ష్మీ నరసింహులు, పక్కన గరుడాద్రి మీద వీర నరసింహుడు. ఎండకి మెట్లు కాలుతున్నాయి. పైకెక్కాక ఏటి మీది గాలి తగిలింది చూడండి, టిఫిన్ మానేసి వచ్చిన ఆకలి కూడా మర్చిపోయాం.

పక్కరోజు కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా మట్టపల్లి పోయాం. అది తెలంగాణ, సూర్యాపేట జిల్లా. ఏరు మాత్రం అదే కృష్ణ. ఇక్కడ స్వామి గుహలో ఉంటాడు. తల వంచి లోపలికి పోవాలి. చల్లటి రాయి, నూనె దీపాల వాసన. కృష్ణలో మునిగి తడిబట్టలతో ప్రదక్షిణలు చేస్తున్నవాళ్లు చాలామంది కనిపించారు. వేదాద్రి, మట్టపల్లి, వాడపల్లి, కేతవరం, మంగళగిరి, ఈ ఐదింటినీ కలిపి పంచ నారసింహ క్షేత్రాలంటారు.

గుహ బయట కూర్చుని పులిహోర తింటుంటే చెంచులక్ష్మి మాట వచ్చింది. హిరణ్యకశిపుణ్ని చంపాక నరసింహుడు అడవిలో చెంచుల ఆడపిల్లను చూసి మనసుపడి పెళ్లి చేసుకున్నాడనే కథ మనందరికీ తెలుసు. అహోబిలంలో ఇది కథగా ఆగిపోలేదు. ఏటా సంక్రాంతి పండక్కి స్వామి పల్లకిలో పారువేటకి బయల్దేరతాడు. నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, అత్తింటివాళ్లను తన కల్యాణానికి పిలుస్తాడు. చెంచులు ఆయన్ని తమ ఇంటి అల్లుడిగానే చూస్తారు. ఇది విన్న మా ఎరుకల తమ్ముడు, "అయితే దేవుడు మనకి బావ అవుతాడన్నమాట" అన్నాడు.

ఆ బావ మాట దగ్గరే మాకు జగ్గయ్యపేట మళ్లీ గుర్తొచ్చింది. ఆ ఊరి పాత పేరు బేతవోలు. అక్కడ పేట కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. కృష్ణ అవతల ఉన్న అచ్చంపేటకి ఆ పేరు ఆయన తల్లి అచ్చమ్మ వల్లే వచ్చిందంటారు. ఆయన జమీలో చెంచులు ఊళ్ల మీద పడి దోచుకుంటున్నారని చెప్పి, ఒకరోజు 150 మంది చెంచు మగవాళ్లని భోజనానికి పిలిపించి, నిర్బంధించి, ఒక్కొక్కరినే బయటికి తెప్పించి తలలు నరికించాడని కథనం. అమరావతి దగ్గర నరుకుళ్లపాడు అనే ఊరికి ఆ పేరు దానివల్లే వచ్చిందని చెప్తారు. గోర్డన్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఈ సంగతి రాశాడు. ఆ తర్వాత రాజు అన్నానికి కూర్చుంటే మెతుకులు పురుగులై కనపడేవని కూడా అందులోనే ఉంది.

జమీందారు చనిపోయింది 1816లో. మాన్యువల్ వచ్చింది 67 ఏళ్ల తర్వాత. కాబట్టి అంకె సరిగ్గా 150 అని మేం పట్టుబట్టం. కానీ జనం ఇన్ని తరాలు మర్చిపోకుండా చెప్పుకున్నారంటే ఊరికే చెప్పుకోలేదు.

పశ్చాత్తాపంతోనే ఆయన అమరావతికి మారి గుళ్లూ గోపురాలూ కట్టించాడని చెప్తారు. అమరావతిలో తన పట్నం కోసం ఇటుకా రాయీ తవ్విస్తుంటే అక్కడి మహాస్తూపం బయటపడింది. మంగళగిరిలో 11 అంతస్తుల గాలిగోపురం 1807 నుంచి 1809 మధ్య ఆయన కట్టించిందే. మంగళగిరి దేవుడు ఎవరు? నరసింహస్వామే. చెంచుల తలలు తీయించాడన్న రాజే చెంచుల అల్లుడికి గోపురం కట్టించాడు! గోపురం ముందు ఫొటోలు దిగేవాళ్లలో ఈ ముక్క ఎంతమందికి తెలుసు? మేం కూడా పోయినేడు దిగాం.

ఆయన దాతృత్వం అబద్ధమని మేం అనడం లేదు. దానాలు చేశాడు, పేటలు కట్టించాడు. మా బాధ వేరే. అదే జగ్గయ్యపేటలో శిల్పి తల్లి పేరుంది. రాజు తండ్రి పేరైతే ఊరికే ఉంది. ఆ చెంచుల్లో ఒక్కరి పేరైనా ఎక్కడా లేదు. మిగిలింది "దోపిడీ చేశారు" అనే మాట. ఆ మాట మన మీద ఎంతకాలం పనిచేసిందో మా ఎరుకల తమ్ముడి ఇంట్లో అడగండి. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయ్యేదాకా వాళ్ల ముత్తాతలు పుట్టుకతోనే దొంగలు. చట్టం పోయి 70 ఏళ్లు దాటినా ఊళ్లో ఏదైనా పోతే ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో మీకు తెలుసు.

మట్టపల్లి నుంచి వచ్చే బస్సులో మాలో ఒకడు వాళ్ల దాదీకి ఫోన్ చేసి, "నీ యాడి పేరేంటి?" అని అడిగాడు. ఆమె ముందు నవ్వింది. ఇరవయ్యేళ్లలో ఎవరూ అడగలేదంది. తర్వాత పేరు చెప్పింది, చనిపోయిన ఇద్దరు అక్కల పేర్లు కూడా చెప్పింది. బస్సు కుదుపులకి రాత వంకర్లు పోయింది, కోదాడ వచ్చేసరికి పేజీ నిండింది. తర్వాత మిగతా ఐదుగురం మా ఇళ్లకి ఫోన్లు మొదలుపెట్టాం. పరీక్షలయ్యాక నరుకుళ్లపాడు వెళ్తాం. ఆ వైపు చెంచు పెద్దవాళ్లు ఎవరైనా తెలిసినవాళ్లుంటే, మాతో వచ్చేవాళ్లుంటే చెప్పండి.