వెన్నెల్లో కనబడని అభిసారికలు

భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అతిశయోక్తికి అందులో చోటు లేదు. తరవాతి ఆలంకారికులు దానికి పీట వేశారు. భామహుడు ‘కావ్యాలంకారం’లో రెండు షరతులు పెట్టాడు. మాట లోకం హద్దు దాటాలి, దాటడానికో నిమిత్తం ఉండాలి. నా దృష్టిలో ఆ రెండో షరతే దీనికి ప్రాణం.

దండి ‘కావ్యాదర్శం’ తిరగేస్తే అది కళ్లకు కడుతుంది. మెడలో మల్లెదండలు, ఒంటినిండా గంధం, కట్టింది తెల్లని పట్టు. అలా ప్రియుణ్ణి కలవడానికి బయల్దేరిన అభిసారికలు పండువెన్నెల్లో కనబడటం లేదంటాడాయన. మనిషి మాయం కావడం జరిగే పని కాదు. కానీ తెలుపులో తెలుపు కలిసిపోవడం అందరం ఎరిగిందే. ఎరిగినదాన్నే కవి నాలుగడుగులు ముందుకు నడిపించాడు. అదే గ్రంథంలో ఇంకో వర్ణన ఉంది: ఓ స్త్రీ వక్షోజాలు ఇంతగా పెరుగుతాయని ఊహించక బ్రహ్మ ఆకాశాన్ని ఇరుకుగా చేశాడట. ఇది గౌడమార్గ కవులు మెచ్చే అత్యుక్తి, వైదర్భమార్గ కవుల దారి వేరు అన్నాడు దండి. అతిశయోక్తిని ఉత్తమాలంకారమని మెచ్చుకున్నవాడే ఈ గీతా గీశాడు. ఆ విచక్షణకు చేతులెత్తి మొక్కాలి.

మన ఓరుగల్లులో, ప్రతాపరుద్రుడి (1289–1323) కాలంలో, విద్యానాథుడు సంస్కృతంలో ‘ప్రతాపరుద్రీయం’ అనే అలంకారశాస్త్ర గ్రంథం రాశాడు. అందులో ఉదాహరణలన్నీ ఆ రాజు పొగడ్తలే. 16వ శతాబ్దంలో రామరాజభూషణుడు దాన్ని ఆధారం చేసుకుని తెలుగులో ‘కావ్యాలంకార సంగ్రహం’ రాసి నరసరాజుకు అంకితమిచ్చాడు. అందుకే దానికి ‘నరసభూపాలీయం’ అని పేరు. శాస్త్రం తెలుగులోకి రావడం మన భాగ్యమే. అయితే ఆస్థాన కవిత్వంలో చాలాచోట్ల ప్రభువు మెప్పే నిమిత్తమై కూర్చుంది, కవి కంటితో చూసిన సంగతి వెనకబడింది.

ఆ శతాబ్దంలోనే అప్పయ్య దీక్షితులు ‘కువలయానందం’లో అతిశయోక్తిని ఎన్నో రకాలుగా విడదీశాడు. చపలాతిశయోక్తికి ఉదాహరణ చూడండి. “వెళ్లొస్తా” అని భర్త అన్నాడో లేదో, ఆమె వేలి ఉంగరం చేతికి గాజైపోయింది. వెళ్లడం కూడా కాదు, వెళతానన్న మాటకే అంతగా చిక్కిపోయింది. ఆమె దిగులు గురించి ఒక్క ముక్క చెప్పకుండానే మొత్తం చెప్పేశాడు.

ఇప్పుడు బడిలో పిల్లలు వల్లెవేసేది ఒకే ముక్క: ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం. ఉదాహరణకు ఆకాశాన్నంటే మేడలు. భామహుడి నిమిత్తం ఊసే లేదు. ఆ మేడల పక్కన ఈ ఉంగరాన్ని కూడా పెడితే, ఎక్కువ చేసి చెప్పడం ఎందుకో పిల్లలే పట్టుకుంటారు.