థర్డ్ ప్రోగ్రామ్ (బీబీసీ)

బ్రిటన్‌లో బీబీసీ నడిపిన సాయంకాలపు రేడియో ప్రసారం. 1946 సెప్టెంబరు 29న మొదలైంది. సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి దాకా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ఒపెరాలు, నాటకాలు, ప్రసంగాలు ఇందులో వచ్చేవి.

ఇంటిల్లిపాదికీ హోమ్ సర్వీస్, కాలక్షేపానికి లైట్ ప్రోగ్రామ్ అప్పటికే ఉన్నాయి. వాటికి తోడుగా ఈ మూడోదాన్ని తలపెట్టినవాడు డైరెక్టర్ జనరల్ విలియం హేలీ. శ్రోతలు లైట్ నుంచి హోమ్‌కు, అక్కణ్నుంచి థర్డ్‌కు మెట్టు మెట్టుగా ఎక్కివస్తారని ఆయన ఆశ. అలా ఎక్కివచ్చినవాళ్లు కొద్దిమందే. మొదటి అధిపతి జార్జ్ బార్న్స్. తొలిరాత్రి ప్రసారం రేడియో ఎలా వినాలో చెబుతూ బీబీసీనే ఆటపట్టించిన ఒక హాస్య కార్యక్రమంతో మొదలైంది. 1947 ఫిబ్రవరిలో బొగ్గు కొరత వచ్చి కొన్నాళ్లు ప్రసారాలు ఆపేయాల్సి వచ్చింది.

దీని ప్రత్యేకత గడియారానికి లొంగకపోవడం. వేళకు వార్తలు చదివి తీరాలన్న నియమం లేదు. ఒపెరా మూడు గంటలు పడితే మూడు గంటలూ అదే. అందుకే కోతలు లేని కృతులు, అరుదైన రచనలు ఇక్కడ వినిపించాయి. డిలన్ థామస్ ‘అండర్ మిల్క్ వుడ్’ 1954లో, శామ్యూల్ బెకెట్ రేడియో కోసమే రాసిన ‘ఆల్ దట్ ఫాల్’ 1957లో మొదట ప్రసారమైంది ఇందులోనే.

పేరు సంగీతానికి వచ్చినా, చరిత్రలో నిలిచినవి ప్రసంగాలేనని చెప్పాలి. దేవుడున్నాడా అని 1948లో బెర్ట్రాండ్ రస్సెల్, ఫాదర్ కాపుల్‌స్టన్ వాదించుకున్నారు. విశ్వం ఒక్క క్షణంలో పుట్టిందన్న సిద్ధాంతం ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌కు గిట్టేది కాదు. 1949 మార్చిలో దాన్ని కాదంటూ మాట్లాడుతూ ‘బిగ్ బ్యాంగ్’ అన్నాడు. ఆ సిద్ధాంతానికి చివరికి ఆ పేరే స్థిరపడింది. కంప్యూటర్లు ఆలోచించగలవా అని 1951లో అలాన్ ట్యూరింగ్ ప్రసంగించాడు. ప్రాచీన గ్రీకు లిపి ‘లీనియర్ బి’ చిక్కు విడిందని 1952 జులైలో మైకేల్ వెంట్రిస్ ప్రకటించింది కూడా ఇక్కడే. అతను వృత్తిరీత్యా భాషావేత్త కాదు, వాస్తుశిల్పి.

గాంభీర్యం మాటున కొంటెతనమూ ఉండేది. 1961లో సంగీతజ్ఞులు హాన్స్ కెల్లర్, సుసాన్ బ్రాడ్‌షా చేతికందిన వాయిద్యాలను ఇష్టం వచ్చినట్టు మోగించి, పియోటర్ జాక్ అనే లేని స్వరకర్త పేరిట ప్రసారం చేశారు. విమర్శకులు మెచ్చుకోలేదు కానీ, నిజమైన కృతిగానే ఎంచి సమీక్షలు రాశారు.

1957లో వారానికి 40 గంటలున్న ప్రసారాన్ని 24కు కుదించారు. టెలివిజన్ పెరిగి రేడియో శ్రోతలు తరిగిపోతున్న కాలం అది. టి.ఎస్. ఎలియట్, స్వరకర్త వాన్ విలియమ్స్, నటుడు లారెన్స్ ఒలివియె వంటివారు గట్టిగా నిరసించినా కోత ఆగలేదు. 1964లో పగటిపూట సంగీత ప్రసారం వేరుగా మొదలైంది. 1967 సెప్టెంబరు 30న ఈ ప్రసారాలన్నీ రేడియో 3 అనే కొత్త బీబీసీ స్టేషన్ గొడుగు కిందికి చేరాయి. 1970 ఏప్రిల్‌లో థర్డ్ ప్రోగ్రామ్ అన్న పేరును తీసేశారు. ఒపెరా, సంగీతం రేడియో 3లోనే సాగాయి. ప్రసంగాలు చాలా వరకు రేడియో 4కు వెళ్లిపోయాయి.