హీలియం: గుంటూరు గ్రహణం, పరమాణు నిర్మాణ చరిత్ర

హీలియం ఆవర్తన పట్టికలో రెండో మూలకం. కేంద్రకంలో రెండు ప్రోటాన్లు, సాధారణంగా రెండు న్యూట్రాన్లు, మొదటి కర్పరంలో రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆ కర్పరంలో అంతకు మించి చోటు లేదు, అందుకే హీలియం సాధారణంగా ఇతర మూలకాలతో కలవదు. పాఠంలో నాలుగు వాక్యాల్లో అయిపోయే ఈ సంగతి తేలడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథలో మొదటి ఘట్టం గుంటూరులో జరిగింది.

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా సాగి బందరు దగ్గర సముద్రం మీదికి పోయింది. గుంటూరు అప్పటికి జిల్లా కేంద్రం కాదు, కృష్ణా జిల్లాలో ఒక ఊరు. గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడింది 1904లో. ఆ రోజుల్లో నల్లరేగడి పత్తి బందరు, కాకినాడ రేవుల మీదుగా ఫ్రాన్సుకు వెళ్లేది, ఆ వ్యాపారం మీద కొందరు ఫ్రెంచివారు గుంటూరులోనే కాపురముండేవారు. పారిస్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు పియెర్ జూల్ జాన్సెన్ అలాంటి ఒక వ్యాపారి ఇంట్లోనే పరికరాలు బిగించుకున్నాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనెంట్ కూడా గుంటూరుకే వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ బందరులో, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉన్నారు.

అందరూ వర్ణపటదర్శినులతో చూడాలనుకున్నది ఒకటే: సూర్యుడి అంచున ఎగిసే ఎర్రటి జ్వాలలు దేనివి? వేడి వాయువు ప్రతిదీ తనదైన కొన్ని రంగు గీతలనే వెలువరిస్తుందని కిర్కాఫ్, బున్సెన్ అప్పటికి దాదాపు పదేళ్ల కిందట తేల్చి ఉన్నారు. చినగంజాం ఉప్పు చిటికెడు పొయ్యిలో పడితే మంట పసుప్పచ్చగా మారుతుంది, అది సోడియం గుర్తు. సూర్యుడి జ్వాలల్లో హైడ్రోజన్ గీతలు స్పష్టంగా కనిపించాయి. వాటితో పాటు ఒక పసుపు గీత కూడా ఉంది. టెనెంట్ దాన్ని సోడియం గీతగానే లెక్కగట్టాడు. పాగ్సన్ సోడియం గీత మీదనో, దాని దగ్గరనో ఉందని రాసుకున్నాడు. జాన్సెన్ దృష్టి వేరే దాని మీదికి మళ్లింది. ఆ గీతలు గ్రహణం లేకపోయినా కనిపించేంత ప్రకాశంగా ఉన్నాయని ఆయనకు తట్టింది. మర్నాడు మామూలు ఎండలోనే చూసి నిరూపించాడు.

కాబట్టి హీలియాన్ని గుంటూరులో కనుగొన్నారని మనం చెప్పుకునే మాట సగమే నిజం. ఇక్కడ పసుపు గీత కళ్లబడింది, గ్రహణం కోసం కాచుకోకుండా సూర్యజ్వాలల్ని చూసే పద్ధతి పుట్టింది. కొత్త మూలకమన్న ఆలోచన మాత్రం ఇంగ్లండులో నార్మన్ లాక్యర్‌ది. ఆయన కూడా అదే పద్ధతిని స్వతంత్రంగా కనిపెట్టి, 1868 అక్టోబరు 20న తొలిసారి విజయం సాధించాడు. జాన్సెన్ కాకినాడ నుంచి రాసిన ఉత్తరం, లాక్యర్ ఫలితం ఒకే రోజు పారిస్ అకాడమీకి చేరాయి. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే, ఈ పసుపు గీత 587.6 దగ్గర ఉంది. తేడా అంతే. లాక్యర్ దీన్ని పట్టుకుని, రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లాండ్‌తో కలిసి పరిశీలించి, భూమి మీద తెలియని మూలకానికి హీలియం అని పేరు పెట్టాడు. చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువులో అదే గీత చూసేదాకా వాదన నడిచింది.

యురేనియం ఖనిజంలో హీలియం ఎందుకుంది? ఈ ప్రశ్నే పరమాణువు లోపలికి దారి చూపింది. యురేనియం లాంటి రేడియోధార్మిక పదార్థాల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు ఎలక్ట్రాన్లను పట్టుకుంటే హీలియం అవుతాయని రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ 1908లో నిరూపించారు. మరుసటి ఏడే గైగర్, మార్స్‌డెన్ అవే కణాలను పలుచని బంగారు రేకు మీదికి పంపారు. కొన్ని వెనక్కి తిరిగి వచ్చాయి. ధనావేశమంతా, దాదాపు ద్రవ్యరాశి అంతా, నడుమ చిన్న కేంద్రకంలో ఇమిడి ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చడానికి ఆధారం అదే. అంటే పరమాణు కేంద్రకాన్ని బయటపెట్టిన తూటాలు హీలియం కేంద్రకాలు.

1913లో నీల్స్ బోర్ ఎలక్ట్రాన్లకు నిర్దిష్ట కక్ష్యలు ఇచ్చాడు. హైడ్రోజన్‌వని అనుకుంటున్న కొన్ని నక్షత్ర గీతలు నిజానికి ఒక ఎలక్ట్రాన్ కోల్పోయిన హీలియానివని కూడా అన్నాడు. వర్ణపట శాస్త్రజ్ఞుడు ఫౌలర్ అభ్యంతరం చెప్పాడు: బోర్ లెక్క ప్రకారం హీలియం, హైడ్రోజన్ వర్ణపట స్థిరాంకాల నిష్పత్తి 4 రావాలి, కొలతల్లో 4.0016 వస్తోంది. కేంద్రకం కూడా కొద్దిగా కదులుతుందని సవరించి బోర్ 4.00163 తెచ్చాడు. ఆయన నమూనాకు ఇంతకన్నా మంచి పరీక్ష మరొకటి లేదని చెప్పవచ్చు. అయినా చాలా పాఠ్యపుస్తకాలు ఈ పరీక్షను ప్రస్తావించవు.

తమాషా ఏమిటంటే, గుంటూరులో కనిపించిన పసుపు గీత బోర్‌కు కొరుకుడు పడలేదు. అది రెండు ఎలక్ట్రాన్లూ ఉన్న హీలియానిది. ఒక ఎలక్ట్రాన్ మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగినప్పుడు వస్తుంది. రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకునే లెక్క కక్ష్యలతో తేలదు. ఒక కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లకు చోటుందో తేల్చే వర్జన నియమాన్ని పౌలీ 1925లో చెప్పాక, 1926లో హైజెన్‌బర్గ్ క్వాంటం యాంత్రిక శాస్త్రంతో హీలియం వర్ణపటాన్ని వివరించాడు. కేంద్రకంలో ప్రోటాన్లది పోగా మిగిలిన ద్రవ్యరాశి ఎక్కడిదో 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాక అర్థమైంది.

తెలుగునాట కూడా అదే కాలంలో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట పరిశోధన మొదలైంది. సూరి భగవంతం, కె. రంగధామరావు దానికి ఆద్యులు.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం రసాయన శాస్త్రంలో పరమాణు నిర్మాణం ఒక పాఠం. గుంటూరు, ఒంగోలు కాలేజీల్లో ఆ పాఠం చెప్పే లెక్చరర్లు వర్ణపటాల దగ్గరికి వచ్చినప్పుడు 1868 ఆగస్టు 18 తేదీని కూడా బోర్డు మీద రాస్తే బాగుంటుంది.