సహచరుని ఉపకథ: కళాపూర్ణోదయం నుండి కంచరపాలెం వరకు

ప్రధానకథను ముందుకు నడపని ఉపకథకు ప్రయోజనమేమిటన్న ప్రశ్న తెలుగు కావ్యవిమర్శకు కొత్తది కాదు. పాత్రధారణ ప్రధానమైన వీడియో గేములలో నాయకుని వెంట నడిచే సహచరుల ‘సైడ్ మిషన్లు’ ఆ ప్రశ్ననే మరొక రూపంలో మన ముందుంచుతున్నాయి.

బయోవేర్ సంస్థ 1998లో వెలువరించిన ‘బాల్డర్స్ గేట్’లోనే సహచరులున్నారు. 2000 నాటి రెండవ భాగంలో వారి సొంత కథలు విస్తరించాయి. 2010లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్ 2’ వాటినే నిర్మాణానికి ఆధారం చేసుకొంది. అందులో టాలీ అనే ఇంజనీరు స్వజాతి న్యాయసభలో ద్రోహనేరం నెదుర్కొంటుంది. ఆమె నిర్దోషి అని తేల్చగల సాక్ష్యం దొరుకుతుంది గాని, అది మరణించిన తండ్రిని దోషిగా నిలుపుతుంది. దాచమని ఆమె వేడుకొంటుంది. ఆటగాడు బయటపెడితే శిక్ష తప్పుతుంది, నమ్మకం పోతుంది. నమ్మకం కుదరని సహచరులకు అంతిమ సమరంలో ప్రాణాపాయం ఎక్కువ. ఉపకథను దాటవేయవచ్చు, దాటవేసినందుకు మూల్యం మాత్రం చెల్లించాలి.

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ ఇందుకు దగ్గరగా కనిపించినా పోలిక పైపైదే. అక్కడ మణిసిద్ధుడు గోపునికి కథ చెబుతాడు. గోపుని కథ చెప్పడు. సహచరుడు శ్రోతగానే మిగులుతాడు.

సరైన పోలిక పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’లో ఉంది. మణిస్తంభుడు, సుముఖాసత్తి మొదట ఇతరుల కథలో సహాయపాత్రలుగా తోస్తారు. వారు శాలీనుడు, సుగాత్రి అనే దంపతులని తరువాత తెలుస్తుంది. నగలతో అలంకరించుకొని వచ్చిన భార్యను కన్నెత్తి చూడని శాలీనుడు, తోటపనిలో తనకు సాయపడుతున్న ఆమెను చూసి చలిస్తాడు. ఈ ఒక్క ఘట్టంతో వెనుకటి ప్రవర్తన అంతా అర్థం మారుతుంది. ఆటలో లాగే ఇక్కడా గతం తెలియడమే పాత్ర పెరగడం. అయితే సూరన పాఠకునికి ఎంపిక నివ్వడు.

వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఈ పద్ధతిని తిరగవేసింది. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే, వారిలో అధికులు నటనానుభవం లేనివారు, నటించిన ఈ చిత్రంలో బాలుడు సుందరం, యువకుడు జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, పెళ్లికాని అటెండరు రాజు విడివిడి నాయకులుగా కనిపిస్తారు. నలుగురూ ఒక్కడేనని చివర తెలుస్తుంది. నాలుగు కథలు ఒక జీవితపు నాలుగు దశలుగా కుదురుకొంటాయి. జన్మాంతరాలతో సూరన సాధించినదానిని ఇక్కడ వయోభేదం సాధించింది.

ఈ కూర్పు వల్ల రాజు పాత్ర ఎంతో లోతు సంతరించుకొంది. కాని అదే కూర్పు సునీత, భార్గవి, సలీమాలను అతని జీవితంలోని దశలుగా కుదించిందని చెప్పక తప్పదు. అతడు ఎరిగినంత మేరకే మనమూ వారిని ఎరుగుతాము. వేశ్యావృత్తిలో ఉన్న సలీమాకు వెనుక ఒక కథ ఉండితీరాలి. ఆమె మరణం ఆ కథను కాక గడ్డం దుఃఖాన్ని మన ముందుంచుతుంది. వితంతువైన అధికారిణి రాధకు మాత్రమే పెళ్లిని వ్యతిరేకించే అన్న, సమర్థించే కూతురు ఉన్న సొంత ఇల్లు, సొంత నిర్ణయం దక్కాయి. చిత్రంలో సహచరి ఉపకథ అని పిలువదగినది ఆ ఒక్కటే.