దొరువు నుంచి రొయ్యల చెరువు దాకా: కృష్ణా డెల్టా తీరంలో ఉప్పునీటి చరిత్ర

తీరాంధ్ర చరిత్రలో సముద్రం సాధారణంగా తుపానుగానే ప్రవేశిస్తుంది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన గ్రంథాలలోనూ జనస్మృతిలోనూ స్థిరపడినవి. రెండవదానిలో మరణించినవారు అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది. అయితే ఉప్పెన వెనుదిరిగిన తరువాత నేలలో మిగిలిపోయిన ఉప్పు గురించి, ఉప్పెన లేని ఏళ్లలోనూ భూగర్భం గుండా, మురుగు కాలువల గుండా చేలలోకి చేరే నీటి గురించి మన చరిత్ర రచన చెప్పినది స్వల్పం. తుపానుకు తేదీ ఉంటుంది, చౌడుకు ఉండదు. ఆ తేదీ లేని చరిత్రను కృష్ణా డెల్టా, దానిని ఆనుకొని ఉన్న బాపట్ల ఇసుక నేలల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి చరిత్రకు భాష కూడా ఆధారమే. చౌడు, పర్ర, ఉప్పుటేరు, కయ్య, శివారు వంటి మాటలు రైతు నేలను ఉప్పుతో కొలిచిన కొలతలు. వీటిలో అత్యంత విలువైనది ‘దొరువు’. బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుక నేలల్లో కురిసిన వాన త్వరగా కిందికి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. బరువులో తేడా వల్ల రెండూ వెంటనే కలిసిపోవు. రైతు ఏటవాలుగా లోతు తక్కువ గుంట తవ్వి, అందులో ఊరిన మంచినీటిని కుండలతో ముంచి నారుమళ్లకూ కూరగాయల మళ్లకూ పోసేవాడు. ఆ గుంటే దొరువు. ఎంత లోతు తవ్వాలన్నది కాక ఎక్కడ ఆపాలన్నదే అందులోని విద్య. లోతు పెరిగినా, తోడే వేగం పెరిగినా కింది ఉప్పునీరు పైకి ఉబుకుతుంది. కుండతో తోడినంత కాలం మనిషి భుజబలమే దానికి హద్దు; ఆయిలింజను, విద్యుత్ మోటారు వచ్చాక ఆ హద్దు చెరిగిపోయింది.

భూజల శాస్త్రం ఇదే విషయాన్ని అంకెలలో చెబుతుంది. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున నిలిచిన మంచినీరు, సిద్ధాంతరీత్యా, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు ఉప్పునీటిని అణచి ఉంచుతుంది. కనుక పైన ఒక మీటరు తగ్గడమంటే కింద 40 మీటర్లు కోల్పోవడమే.

ఈ దృష్టితో చూస్తే ఆనకట్టల చరిత్రకు మరొక అర్థం కనిపిస్తుంది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లోను పూర్తయ్యాయి. ‘డొక్కల కరువు’ జ్ఞాపకం వెన్నాడుతున్న సమాజం వాటిని కరువు నివారణగా గుర్తుంచుకోవడం సహజం. కాటన్ దొరను నేటికీ కొలవడానికి మూలం అదే. అయితే మాగాణి చేలలో నెలల తరబడి నిలిచిన కాలువ నీరు మరో పని కూడా చేసింది. నేలలోని ఉప్పును కిందికి నెట్టి, మురుగు కాలువల ద్వారా సముద్రానికి పంపింది. నారుమడి దశలోను, పూత దశలోను ఉప్పుకు ఓర్వలేని వరి తీరపు శివారు భూములలో నిలదొక్కుకోవడానికి ఈ కడుగుడు ముఖ్య కారణమని నా అభిప్రాయం. అంటే డెల్టా తీరంలో వ్యవసాయం ఎగువ నుంచి వచ్చే నీటికి శాశ్వతంగా రుణపడింది.

ఆ నీరు తరువాతి శతాబ్దంలో తగ్గింది. నాగార్జునసాగర్, శ్రీశైలం, ఎగువ రాష్ట్రాల జలాశయాలు కృష్ణను ఎక్కడికక్కడ నిలిపాయి. 2002 తరువాతి కరువు ఏళ్లలో నది సముద్రానికి చేర్చిన నీరు నామమాత్రం. నీటితోపాటు ఒండ్రూ ఆగిపోయింది. నది నెట్టుడు తగ్గిన చోట పోటు నీరు ఏటి మొగల నుంచి పైకి ఎగబాకుతుంది. మురుగు కాలువ రెండు వైపులా నడిచే దారి అన్న సంగతి అప్పుడే తెలుస్తుంది: పూడిక తీయని డ్రెయిను, తలుపులు తుప్పుపట్టిన స్లూయిస్ వాన నీటిని బయటికి పోనివ్వవు, సముద్రపు నీటిని లోపలికి రానిస్తాయి. 1968లోనే డెల్టా రైతులపై డ్రెయినేజీ సెస్సు విధిస్తూ చట్టం వచ్చిందంటే సమస్య పాలకులకు కొత్త కాదు.

1990ల ప్రారంభంలో జరిగినది మాత్రం గుణాత్మకంగా భిన్నమైనది. అంతవరకు రైతు ఉప్పునీటిని బయటికి నెట్టడానికి శ్రమించాడు. రొయ్యల సాగు దానిని మోటార్లతో లోపలికి ఆహ్వానించింది. చెరువులో ఊరిన నీరు గట్టు దాటి పక్క చేనులో వెల్లపొరగా తేలింది. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి సోకి అనేక చెరువులు ఖాళీ అయ్యాయి గానీ వాటి అడుగున పేరుకున్న ఉప్పు కదలలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు వ్యవసాయ భూములను, మడ అడవులను, ఉప్పు కయ్యలను రొయ్యల చెరువులుగా మార్చరాదని ఆదేశించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్య ప్రవేశంతో చెరువులు మళ్లీ విస్తరించాయి.

దీనిని కేవలం దురాశ కథగా రాయడం తేలిక, న్యాయం కాదు. పక్క చెరువు ఊటతో వరి చచ్చిన సన్నకారు రైతు తన అరెకరాన్ని కూడా చెరువుకే కౌలుకిస్తాడు. అతనికి మిగిలిన మార్గం అదొక్కటే. కాగితం మీద అది స్వచ్ఛంద ఒప్పందం. ఆ అరెకరంలో నాట్లకు, కోతలకు వెళ్లే కూలీ స్త్రీల పేరు ఏ ఒప్పందంలోనూ ఉండదు. ఊరి మంచినీటి బావి చవి మారినప్పుడు దూరం నుంచి బిందె మోసేదీ వారే. ఉప్పు ఎవరి పొలంలోకి ముందు చేరిందన్న ప్రశ్న వేస్తే, ఎక్కువ సార్లు సమాధానం కాలువకు చివర, డ్రెయినుకు దగ్గర భూమి దక్కినవారి దగ్గరికే వస్తుంది.

బాపట్లలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు దొరువును వదిలిపెట్టలేదు. ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి, పై పొరలోని మంచినీటిని మాత్రమే నడిమి బావిలోకి చేర్చే మెరుగుపరచిన దొరువును రూపొందించారు. మోటారు ఉన్నా దానిని నెమ్మదిగా, కొద్దిసేపే నడపాలి. ఆ లెక్క పాత కుండల లెక్కే. కానీ ఒక రైతు ఆ లెక్కను పాటించినా, అదే నీటిపొరను గట్టుకు అవతలివారు బోరుతో తోడుతుంటే ఇసుక కింద సరిహద్దు రాయి ఏదీ లేదు.