తెలుగు మెయిలింగ్ లిస్టులు, స్పామ్, చిరునామాల సేకరణ: చారిత్రక పరిశీలన

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో వ్యాపారి తన చిరునామాను బోర్డు మీద రాయిస్తాడు. దారిన పోయేవారు చదవాలన్నదే ఉద్దేశం. ఊళ్లోని బోర్డులన్నీ ఒక మనిషి రాసుకోవాలంటే రోజులు పడుతుంది. ఆ పనినే ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రపంచంలోని బోర్డులన్నిటి మీదా చేస్తే ఏమవుతుంది? ఈ భాగంలో మనం పరిశీలించే సమస్య ఇదే.

1. ఆరంభం

కోరకుండా పెద్దసంఖ్యలో పంపే సందేశాలను స్పామ్ అంటారు. దీనికి తొలి ఉదాహరణగా 1978 మే నెలలో జరిగిన ఘటనను పేర్కొంటారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యుయెర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రకటనను ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి పంపాడు. ఆ చిరునామాలను సభ్యుల సౌకర్యం కోసం అచ్చువేసిన డైరెక్టరీ నుంచే తీసుకున్నారు. అంటే స్పామ్, చిరునామాల సేకరణ కలిసే పుట్టాయి.

2. తెలుగువారి వేదికలు

భారతదేశంలో సామాన్యులకు వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. అప్పటికే విదేశాల్లోని తెలుగువారు విశ్వవిద్యాలయాల కంప్యూటర్ల ద్వారా మాట్లాడుకుంటున్నారు. 1990లలో యూజ్‌నెట్‌లో 'సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు' బృందం నడిచింది. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి ఇలాంటి వేదికల్లో వాడుకకు వచ్చింది. తరువాత యాహూ గ్రూపుల్లో 'రచ్చబండ' వంటివి వచ్చాయి. ఎక్కడో ఒంటరిగా ఉన్న తెలుగువాడు మరొకరిని వెతికి పట్టుకోగలిగాడంటే, చిరునామా బహిరంగంగా కనిపించడమే కారణం.

ఆ బహిరంగతే దుర్వినియోగానికి దారి ఇచ్చింది. 1994 ఏప్రిల్ 12న అమెరికాలో ఇద్దరు న్యాయవాదులు, కాంటర్, సీగెల్, గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను యూజ్‌నెట్‌లోని 5,000కు పైగా బృందాల్లో పెట్టారు. వలస వచ్చినవారి ఆశే ఆ ప్రకటనకు పెట్టుబడి అని గమనించండి.

3. సేకరణ జరిగే తీరు

సేకరణ ప్రోగ్రాములు వెబ్ పేజీలు తిరుగుతూ '@' గుర్తుకు ఇరువైపులా ఉన్న అక్షరాలను ఏరుకుంటాయి. మెయిలింగ్ లిస్టుల పాత ఉత్తరాల భాండారం వాటికి పండిన చేను. మేజర్‌డోమో అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశం పంపితే సభ్యుల జాబితా మొత్తం వచ్చేది. సభ్యుల పరిచయం కోసం పెట్టిన ఆ సదుపాయాన్ని నిర్వాహకులు క్రమంగా మూసివేయవలసి వచ్చింది.

4. నివారణ, దాని మూల్యం

పోస్టుకార్డుకు ఖర్చు పెట్టేది పంపేవాడు. స్పామ్‌లో భారం చాలావరకు అందుకునేవారిది. అందువల్ల లిస్టులు తలుపులు వేసుకున్నాయి: సభ్యులకే రాసే హక్కు, కొత్తవారి తొలి ఉత్తరానికి పరిశీలన, చేరేముందు ధ్రువీకరణ, భాండారంలో చిరునామా సగం దాచడం. ఫలితంగా స్పామ్ తగ్గింది. అయితే జీతంలేని నిర్వాహకుడికి రోజువారీ చాకిరీ పెరిగింది. పాత ఉత్తరం చదివి దాని రచయితకు నేరుగా రాయాలనుకున్న కొత్త పాఠకుడికి దారి మూసుకుపోయింది.

5. చట్టం

అమెరికా 2003లో చేసిన కాన్-స్పామ్ చట్టం ముందస్తు అనుమతి లేని వాణిజ్య మెయిళ్లను పూర్తిగా నిషేధించలేదు. కానీ ప్రోగ్రాములతో చిరునామాలు ఏరడాన్ని తీవ్రత పెంచే అంశంగా గుర్తించింది. మనదేశంలో విసుగు కలిగించే, మూలం దాచే మెయిళ్లను శిక్షించిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. భావప్రకటన స్వేచ్ఛకు ఆ సెక్షన్ భంగకరమని కోర్టు భావించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, వ్యక్తి స్వయంగా బహిరంగపరచిన వివరాలకు వర్తించదు.

సారాంశం

మన చిరునామాను బయటపెట్టే నిర్ణయం మనది. తోటివారి చిరునామాల విషయంలో ఆ హక్కు మనకు లేదు. మీ అధ్యయన కేంద్రంలోని సహాధ్యాయుల జాబితా మీ చేతికి వచ్చినప్పుడు దానిని బహిరంగ పేజీలో పెట్టకండి. అందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు చిరునామాలను 'బీసీసీ' గడిలో రాయండి. 1978 నాటి డైరెక్టరీని అచ్చువేసినవారి ఉద్దేశం కూడా మంచిదేనని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మెయిలింగ్ లిస్టుల బహిరంగత వల్ల తెలుగువారికి కలిగిన మేలు, కీడు వివరించండి.
2. స్పామ్ నివారణ చర్యల భారం ఎవరిపై పడింది? కారణాలు చర్చించండి.